లైనమ్మ, మూడు కుండీలు

పెద్దాసుపత్రి మెట్ల కింద మిగిలిపోయిన మూలని గది అన్న మహానుభావుడెవరో గానీ, ఆయన్ని తెచ్చి ఒక్క పూట అందులో కూర్చోబెట్టాలి. లేచి నిలబడితే తలకి మెట్టు తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లకి బల్ల తగులుతుంది. కిటికీ అన్న ఊసే లేదు. పైన ఎవరు ఎక్కినా దిగినా ఆ అడుగులు నెత్తిమీదే. సెల్‌ఫోను సిగ్నలు కూడా గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, మనకెందుకులే అని వెనక్కి పోతుంది. ఆ గదిలో టెలిఫోన్ బోర్డు ముందు ఇరవై నాలుగేళ్లుగా ఒకావిడ కూర్చుంటోంది. పొద్దున ఎనిమిదింటికి వస్తే సాయంత్రం నాలుగింటికి లేస్తుంది. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి వార్డులు ఊడ్చేవాళ్ల దాకా అందరూ ఆవిణ్ణి లైనమ్మ అనే పిలుస్తారు.

లైనమ్మ పనల్లా కలపడం. ఫోను మోగుతుంది, ఎవరో ఫలానా వార్డు కావాలంటారు, "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అంటుంది, మీట నొక్కుతుంది. అవతలివాళ్లు ఎత్తేదాకా ఫోను చేసినవాళ్లకి ఒక పాట వినిపిస్తుంది. పాటంటే మాటల్లేని ఉత్త వాయింపు, అదే ముక్క తిరిగి తిరిగి వస్తుంది. రోజుకి మూడొందలసార్లు అదే మాట, అదే మీట. అన్నేళ్లు చేస్తే ఎవరికైనా అంతే, మాట నోరు అంటుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. వంటింట్లో ఉల్లిపాయ తరుగుతున్నప్పుడు కత్తి వైపు చూస్తామా ఏమిటి?

ఆ మూడొందల్లో ఒక్క ఫోను మాత్రం ఆవిడది. సరిగ్గా పన్నెండున్నరకి వచ్చేది.

"నేనే."

"ఆఁ, చెప్పండి."

"తిన్నావా?"

"ఇదిగో, ఇప్పుడే క్యారేజీ విప్పుతున్నా. మీరు?"

అంతే. ఆ చేసేది ఆవిడ భర్త. ముప్పై ఏళ్లు కారు నడపడం నేర్పిన మనిషి, వీధిలో అందరికీ మాస్టారు. పక్కసీట్లో తన కాలి కింద కూడా ఓ బ్రేకు పెట్టుకుని, నేర్చుకునేవాడు లారీ కిందకి దూరబోయేలోపల ఠపీమని తొక్కి, "నాయనా, లైసెన్సుకి వచ్చావా, స్వర్గానికి వచ్చావా?" అనేవాడు. మాటల పుట్ట. ఆయన ఇంట్లో ఉంటే రేడియో అక్కర్లేదని లైనమ్మే విసుక్కునేది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఫోనులో ఆయన తన పేరు చెప్పింది లేదు. "నేనే" అంటే చాలు.

ఇక ఆ రోజు సంగతి. పదిన్నరయింది. పెద్దరోడ్డు మీద బస్సేదో బోల్తా పడింది, బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగి ఆరుతున్నాయి. ఒకదాని మీద ఒకటి కలుపుతోంది లైనమ్మ. అందులో ఒక ఫోను వచ్చింది.

"నే... నే..."

నాలిక మీద దూది పెట్టుకున్నట్టుంది గొంతు. లైనమ్మ మొహం చిట్లించింది. పొద్దున్నే మందు పట్టించి ఆసుపత్రికి ఫోన్లు చేసే ఘనుడు రోజుకొక్కడైనా తగుల్తాడు.

"నేనంటే ఎవరండీ? ఎవరు కావాలో చెప్పండి."

"నే... నే... నే..."

"ఎమర్జెన్సీయా? లైన్లో ఉండండి."

మీట నొక్కేసింది. ఎమర్జెన్సీలో ఎత్తే నాథుడు లేడు, అందరూ బస్సువాళ్ల మీద ఉన్నారు. ఆ దీపం అలా వెలిగి ఆరుతూనే ఉంది. ఏడు నిమిషాలయ్యాక ఆరిపోయింది. పోనీలే, పెట్టేశాడు, ఒకటి తగ్గింది అనుకుంది లైనమ్మ.

గంట తర్వాత కబురొచ్చింది, మాస్టార్ని తీసుకొచ్చారని. వరండాలో స్ట్రెచర్ పక్కన, వాళ్ల పై వాటాలో ఉండే పెద్దమ్మ నిలబడి ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, మేడ మీద నిండా కుండీలు పెంచుతుంది కాబట్టి వీధిలో కుండీల పెద్దమ్మ. ఆవిడే ఏదో పడ్డ చప్పుడు విని కిందికి దిగి చూసిందట. "నేలమీద పడున్నాడే తల్లీ. పక్కన ఫోను కూడా పడుంది. అందులోంచి ఏదో పాట వస్తోంది. ఈ టైములో పాటలేమిటా అని నేనే పెట్టేసి, అంబులెన్సుకి చేశాను" అంది.

లైనమ్మకి ఆ పాట తెలుసు.

మాస్టారు బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మాట పోయింది. "మనం చెప్పేది ఆయనకి అర్థమవుతుంది, ఆయనకే మాట రాదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఇంకొంచెం ముందు తెచ్చుంటే బాగుండేది" అని ఒక మాట అనేసి డాక్టరు పక్క మంచానికి వెళ్లిపోయాడు. వాళ్లకేం, అనేసి పోతారు. ఆ మాట ఈవిడ గుండెలో మేకై కూర్చుంది.

లైనమ్మ ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగ ఎవరికి చెప్పుకుంటాడు? ఆవిణ్ణి తొలుస్తున్నది ఒక్కటే. ఆయనకి తెలుసా? మాట్లాడింది తన పెళ్లామేనని, అది తనని గుర్తుపట్టలేదని తెలిసి, ఆ నేలమీద పడి ఏడు నిమిషాలు ఆ పాట విన్నాడా? లేక అప్పటికే తెలివి తప్పిందా? అడుగుదామంటే ఈవిడకి నోరు రాదు. అడిగినా చెప్పడానికి ఆయనకి నోరు లేదు. ఆయన మాత్రం చూస్తాడు. ఆ చూపులో ఏముందో పోల్చుకోలేక చచ్చేది.

ఇంటికి తెచ్చిన మొదటి రోజునే ఆవిడ చేసిన పని, ఫోను వైరు పీకి, చుట్టచుట్టి, ఫోనుతో సహా బీరువా అడుగు అరలో దుప్పట్ల కింద దాచెయ్యడం.

రెండో అంతస్తులో రెండు గదుల వాటా. ముందు నాలుగడుగుల బాల్కనీ, దానికి నిలువునా ఇనుప ఊచలు. ఆ ఊచల దగ్గర కుర్చీలో మాస్టారు. పొద్దున ఐదింటికి లేచి ఆయనకి ఒళ్లు తుడిచి, గడ్డం గీసి, తినిపించి, తాళంచెవి పెద్దమ్మ చేతిలో పెట్టి లైనమ్మ బస్సెక్కేది. పదకొండింటికోసారి, మూడింటికోసారి పెద్దమ్మ దిగి చూసేది. నాలుగయ్యాక మళ్లీ బస్సు, మళ్లీ ఊచలు. అక్కడ మెట్ల కింద, ఇక్కడ ఊచల వెనక, అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. మానకపోతే, ఫోనులో ఎవడు "నేను" అన్నా గుండె ఆగినంత పని. ఒక్కోసారి గది గోడలు దగ్గరికి జరిగినట్టయి ఊపిరాడేది కాదు. ఫోను ఇరికించుకుని ఇరికించుకుని ఎడమ భుజం బిగుసుకుపోయి, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. నిద్ర సంగతి సరేసరి. కళ్లు మూస్తే పాట.

ఆసుపత్రిలో కింది గది డాక్టరు ఒకాయన ఆవిడ బీపీ చూసి, "లైనమ్మా, ఇలాగే ఉంటే నీకూ ఓ మంచం చూడాలి" అన్నాడు. మాత్రలు రాశాడు. మింగింది.

మాస్టారికి వ్యాయామం చేయించడానికి వారానికి రెండుసార్లు ఒక డాక్టరమ్మ వచ్చేది. నడివయసు మనిషి, మాటలో మొహమాటం లేదు. రబ్బరు బంతి ఇచ్చి కుడిచేత్తో నొక్కమంటే మాస్టారు ఎడమచేత్తో తీసి ఊచల్లోంచి వీధిలోకి విసిరేశాడు. మూడో బంతి కూడా పోయాక ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈయనకి బంతులు పనికిరావు. మట్టి తెండి. మొక్కలు పెట్టండి" అంది.

"మొక్కలా!" అంది లైనమ్మ. "ఉన్న మనిషికి నీళ్లందించేసరికే నా ప్రాణం పోతోంది. నా జన్మలో ఒక్క మొక్క నాటి ఎరగను."

"అందుకే మూడే మూడు. ముప్పై పెడితే ముప్పై చస్తాయి. మట్టిగడ్డలు చిదిపితే ఆయన వేళ్లకి పని, గింజ పట్టుకుంటే బొటనవేలికి పని. ఇక మీ సంగతి. అద్దంలో మొహం చూసుకున్నారా? పొద్దున పావుగంట వెలుతురులో నిలబడి, ఫోను కానిదేదైనా చేత్తో పట్టుకోండి."

"మాట వస్తుందా అండీ మొక్కలు పెడితే?"

"మొక్కలు పెడితే మొక్కలొస్తాయి. మాట వచ్చేటప్పుడు వస్తుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ముందు కొత్త మాటలు రావు. లోపల గట్టిగా నాటుకున్న మాటలే ముందు బయటికొస్తాయి. తిట్టు కావచ్చు, పాట కావచ్చు. విని కంగారుపడకండి."

పాట అన్న మాట వినేసరికి లైనమ్మ లోపలికి వెళ్లిపోయింది.

సరే, మొదలుపెట్టింది. అంచు పగిలిన బకెట్టు, రంగుల డబ్బా, పిడి ఊడిన గిన్నె. వీధి చివర ఇల్లు కడుతున్నచోట దొరికిన మట్టి తెచ్చి నింపింది. టమాటా గింజలు, బంతి గింజలు, పుదీనా కాడలు. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు, దారిలో కనిపిస్తే ఇంకో చెంబు. మొలకలు వచ్చినట్టే వచ్చి పదో రోజుకి మెడలు వాల్చేశాయి. పుదీనా నల్లబడి కంపు కొట్టింది. మాస్టారు చూస్తూనే ఉన్నాడు. ఆ పూట లైనమ్మ ఆ బకెట్టు ముందే కూలబడి ఏడ్చింది. నా చేతిలో పడ్డది ఏదీ బతకదు అనుకుంది.

కంపు పై వాటాకి కూడా వెళ్లినట్టుంది, పెద్దమ్మ దిగొచ్చింది. డబ్బాలో చెయ్యి పెట్టి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నిన్ను మొక్కల్ని పెంచమన్నారా, ముంచమన్నారా?"

"నీళ్లు పొయ్యకపోతే చస్తాయి కదా పెద్దమ్మా."

"పోస్తేనూ చస్తాయే. ప్రేమ ఎక్కువైతే ఊపిరాడక చావదూ? వీటికి అడుగున చిల్లులేవీ? నీళ్లు బయటికి పోయే దారి లేదు, గాలి లోపలికొచ్చే దారి లేదు. నువ్వయితే ఉంటావా ఇలాంటి దాన్లో?"

ఉంటాను, ఇరవై నాలుగేళ్లుగా ఉంటున్నాను అనుకుంది లైనమ్మ.

మేకు కాల్చి అడుగున చిల్లులు పొడిపించింది పెద్దమ్మ. గులకరాళ్లు పరిపించింది. మేడ మీంచి మాగిన ఎరువు తెచ్చి, మట్టిలో మూడో వంతు కలిపించింది. "వేలు గుచ్చి చూడు. రెండో గణుపు దాకా తడుంటే చెంబు ముట్టుకోకు. పొడిగా ఉంటే పొయ్యి. ఇంతకంటే చదువు లేదిందులో" అంది. మట్టిగడ్డలు చిదిపే పని మాస్టారిది. ఒళ్లో పళ్లెం పెడితే, కుడిచేతిని ఎడమచేత్తో తెచ్చి మట్టిలో పడేసుకుని, వేళ్లు కదపాలని మొహమంతా చెమటలు పట్టేలా చూసేవాడు. మొదటి వారం ఒక్క గడ్డ చితికింది. ఆ బంతుల్లాగా దీన్ని మాత్రం వీధిలోకి విసరలేదు.

కొత్త మొలకలు రెండాకులేశాక ఒక పొద్దున లైనమ్మ అలవాటు చొప్పున చెంబెత్తి ధారగా పోస్తోంది. దబ్. ఉలిక్కిపడి చూసింది. మాస్టారు ఎడమకాలు నేలకేసి కొట్టాడు. మళ్లీ పోసింది. మళ్లీ దబ్. కాలు ఎత్తి కొట్టడం కాదు, మడమ ఆనించి పాదం కిందికి నొక్కి పట్టాడు. ఆ నొక్కడం ఎక్కడో చూసింది. చెంబు చేతిలో అలాగే ఉండిపోయింది.

"బ్రేకా?"

మాస్టారు కళ్లు మూసి తెరిచాడు.

ఐదు నెలల్లో ఆయన ఆవిడతో చెప్పిన మొదటి సంగతి అది. చాలు ఆపవే తల్లీ, ముంచేస్తున్నావు అని. లైనమ్మకి నవ్వొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది.

అప్పట్నుంచి రోజూ అదే బడి. ఈవిడ వేలు గుచ్చడం, చెంబెత్తడం, ఆయన బ్రేకు తొక్కడం. రోజూ పావుగంట అనుకున్నది అరగంటయింది. విచిత్రమేమిటంటే, గోళ్లలో మట్టి ఉన్నంతసేపూ లైనమ్మకి పాట వినబడేది కాదు. తీగకి పుల్ల కట్టేటప్పుడు మనసు ఆ ముడి దగ్గరే ఉండాలి, జారితే కాడ విరుగుతుంది. అలా ఉండటం ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది. కుండీలు ఎండ వెంబడి జరపడం, వంగడం, లేవడం, ఊచలకి తాడు కట్టడానికి చెయ్యెత్తడం. రెండు నెలలు తిరిగేసరికి ఎడమచెయ్యి జడ దాకా లేచింది. ఒంటికి అలుపొచ్చి నాలుగైదు గంటలు నిద్ర పట్టేది. మెట్ల కింద గది మెట్ల కిందే ఉంది గానీ, ఊపిరాడనప్పుడు గోళ్ల కింద మిగిలిన మట్టి చూసుకునేది, కాస్త ఆడేది. కింది డాక్టరు బీపీ చూసి, మాత్ర సగం చేస్తూ, "ఏం చేస్తున్నావు?" అన్నాడు. "బ్రేకు వేస్తున్నానండీ" అంది. ఆయనకేం అర్థమైందో.

అయితే, మొక్కలు బీపీని తగ్గించాయి గానీ ఆ ప్రశ్నని తగ్గించలేదు. పైగా, ఆయన మొహంలోకి చూసే ధైర్యం వచ్చేకొద్దీ అది ఇంకా పెద్దదైంది. తెలుసా, తెలియదా?

ఒక ఆదివారం పొద్దున. లైనమ్మ టమాటా ముందు కూర్చునుంది. పై బాల్కనీలోంచి పెద్దమ్మ వంగి చూసి కేకేసింది.

"ఏమే, కలుపు!"

"ఏం కలపాలి పెద్దమ్మా? ఎరువా?"

"కలపడం కాదే, కలుపు!"

"అదే, దేన్లో దేన్ని కలపమంటారు?"

"నీ తలకాయని కలుపు! కలుపు తియ్యవే అంటుంటే!"

"కలపమంటారా, తియ్యమంటారా? ఏదో ఒకటి చెప్పండి, నాకు లైను దొరకట్లేదు!"

ఇరవై నాలుగేళ్లు కలపడమే పనిగా బతికిన మనిషికి కలుపు అంటే పిచ్చిగడ్డి అని ఎలా తడుతుంది చెప్పండి? పెద్దమ్మ పైనుంచి నెత్తి కొట్టుకుంటోంది. అప్పుడు వెనకనుంచి ఖ్ ఖ్ ఖ్ మని చప్పుడు. పొలమారిందేమోనని లైనమ్మ గభాల్న తిరిగింది. పొలమారలేదు. మాస్టారు నవ్వుతున్నాడు. సగం మొహమే కదులుతోంది, భుజాలు మాత్రం రెండూ ఎగురుతున్నాయి, కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. నవ్వీ నవ్వీ కుండీలోకి వంగి, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక గడ్డిపోచ పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. జారింది. మళ్లీ పట్టుకుని లాగాడు. వేర్లతో సహా వచ్చిన ఆ గడ్డిపోచని ఆవిడ మొహం ముందు ఊపాడు, ఇదీ కలుపంటే అన్నట్టు.

కలుపు తీసే ఉద్యోగం ఆ రోజునుంచి ఆయనకి ఖాయమైంది. కర్ర సాయంతో కుర్చీలోంచి లేచి మూడు కుండీల చుట్టూ తిరిగేవాడు.

లైనమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంత నవ్వు లోపల దాచుకున్న మనిషి ఇంకేమేం దాచుకున్నాడో! ఆ సాయంత్రం బీరువా తెరిచి దుప్పట్ల కిందనుంచి ఫోను తీసింది. ఎన్నాళ్లని దాస్తుంది? వైరు తగిలించి, బాల్కనీలో ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టింది. ఒక్క బటన్ నొక్కితే తన బోర్డుకి వచ్చేటట్టు చేసి, ఆ బటన్ మీద ఎర్ర కాగితం అంటించింది. "ఏదన్నా అవసరమైతే ఇది నొక్కండి. మాట్లాడక్కర్లేదు. నేను... నేను కనుక్కుంటాను" అంది. మాస్టారు ఫోను వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, బంతిమొక్క వైపు తిరిగాడు.

రెండు వారాలు గడిచాయి. పన్నెండున్నరకి ఆవిడ చూపు గడియారం మీదికి పోవడం, ఏ దీపమూ ఇంటిది కాకపోవడం. ఇక చెయ్యడులే అనుకుంది. ఎందుకు చేస్తాడు? ఒకసారి చేసిన ముచ్చట చాలదూ?

మధ్యాహ్నం అరగంట బోర్డు చూడటానికి ఇంకో అమ్మాయి వచ్చేది. దాన్ని చిన్నలైను అంటారు. ఆ రోజు చిన్నలైను బోర్డు ముందు కూర్చుంది. లైనమ్మ మూలన స్టూలు మీద క్యారేజీ విప్పుతోంది. ఒక ఫోను ఎత్తిన చిన్నలైను మొహం చిట్లించి, మైకుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, మిట్టమధ్యాహ్నమే పట్టించాడెవడో. నోరు తిరగట్లేదు. 'కలుపు, కలుపు' అంటాడు. ఎక్కడికి కలపాలయ్యా అంటే మళ్లీ 'కలుపు' అంటాడు. పెట్టెయ్యనా?"

లైనమ్మ లేచింది. మెట్టు నెత్తికి ఠంగుమని తగిలింది. క్యారేజీ గిన్నె కిందపడి దొర్లింది.

"పెట్టకు! పెట్టకే! ఇలా ఇయ్యి!"

చెవి దగ్గర పెట్టుకుంది. రోజుకి మూడొందలసార్లు అనే మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. అవతల ఊపిరి వినిపిస్తోంది, బరువుగా, కాస్త ఎగపోస్తూ. వాళ్ల వీధిలో బండి హారను. ఆ ఊపిరి ఎవరిదో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏమండీ... నేను... నేనేనండీ."

తర్వాత, బండరాయి దొర్లించినట్టు ఒక్కో అక్షరం.

"నే... నంటే... ఎవ... రండీ?"

ఇరవై ఆరేళ్లలో ఆయన ఆవిణ్ణి ఏనాడూ "అండీ" అనలేదు. "ఏమోయ్", "ఇదిగో", "నువ్వు". ఆ "అండీ" ఆయనది కాదు, ఆవిడది. బోర్డు ముందు కూర్చుని అనే అండీ. చివర్న ఆ విసుగుతో సహా, ఆ రోజు ఎలా అందో అలాగే. తెలుసు. ఆయనకి అంతా తెలుసు. ఎవరన్నారో తెలుసు, ఏమన్నారో తెలుసు. ఎనిమిది నెలలుగా లోపల అన్నిటికంటే గట్టిగా నాటుకున్న మాట ఇదన్నమాట.

లైనమ్మ ఆ స్టూలు మీదే కూలబడింది.

"తెలుసా మీకు? తెలుసా? తాగినవాడెవడో అనుకున్నానండీ. మీ గొంతు గుర్తుపట్టలేదు. నా చెవులు కాలిపోనూ, మిమ్మల్ని గుర్తుపట్టలేదు నేను" అంది. చిన్నలైను ఉందని కూడా చూసుకోలేదు, వెక్కివెక్కి ఏడ్చింది.

అవతల ఖ్ ఖ్ మంది. అది నవ్వో, దగ్గో, ఏడుపో తెలియలేదు. అది ఎగతాళో, నిష్ఠూరమో కూడా తెలియలేదు. ఆయన మాటల్లో ఎప్పుడూ ఆ రెండూ కలిసే ఉండేవి.

"లైన్లో... ఉం... డండి" అన్నాడు మాస్టారు.

ఫోను స్టూలు మీద పెట్టిన చప్పుడైంది. కుర్చీ కిర్రుమంది. కర్ర నేల మీద టక్, టక్. కుండీ అంచుకి ఏదో తగిలింది. తర్వాత గడ్డివేళ్లు మట్టిలోంచి వచ్చే సన్నటి చప్పుడు. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. పాటేమీ లేదు.

బోర్డు మీద దీపాలు వెలిగాయి. చిన్నలైను రెండో సెట్టు తగిలించుకుని వాటిని కలుపుతూ, మధ్యమధ్య ఈవిడ వైపు చూస్తోంది. ఒక నిమిషమైంది. మూడయ్యాయి. ఐదయ్యాయి. గిన్నె నేల మీద అలాగే ఉంది. పైన ఎవరో మెట్లు దిగి వెళ్లారు. గడియారంలో ముల్లు ఏడో నిమిషం దాటింది.

"ఎవరక్కా అది? అవతల మాటే లేదు. పెట్టేశాడేమో చూడు" అంది చిన్నలైను.

"మా ఆయనే. కలుపు తీస్తున్నాడు. నన్ను లైన్లో ఉండమన్నాడు" అంది లైనమ్మ.